ఓడిన ఆటల నోటుబుక్కు

ఏప్రిల్ నెలాఖరుకు బాన్సువాడలో రెండు పనులు ఒక్కసారే మీద పడతాయి. నిజాంసాగర్ నీళ్లతో పండిన యాసంగి వరి కోతకొస్తుంది, బడులకు సెలవులొస్తాయి. పెద్దలు వడ్లు ఆరబోసుకుంటూ, కొనుగోలు కేంద్రంలో తూకం వంతు కోసం కాచుకుంటూ, మబ్బు పడితే టార్పాలిన్ల కోసం ఉరుకుతుంటారు. పిల్లలు కూలర్ ముందు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఆ ఫోన్లలో కొన్నింటిలో ఆడుతున్నది చదరంగం. మూడు నిమిషాల బ్లిట్జ్, ఒకదాని వెంట ఒకటి, పొద్దుగూకేదాకా.

ఆ పిల్లల్లో ఒకడికి ఎత్తులు నేర్పాల్సిన పని లేదు. బడిలో వాడిని ఓడించేవాళ్లు లేరు. జిల్లా పోటీల్లో షీల్డు తెచ్చుకున్నాడు. హైదరాబాద్ వెళ్లి రెండు మూడు రేటెడ్ టోర్నీలు ఆడి, అక్కడ తొమ్మిదేళ్ల పిల్లల చేతుల్లో ఓడి, ఎందుకు ఓడాడో తెలియక బస్సెక్కి వచ్చాడు. ఈ వ్యాసం అలాంటి పిల్లల గురించి. వాళ్ల అమ్మానాన్నలకు మార్చి నుంచే వాట్సాప్‌లో రంగురంగుల కరపత్రాలు వస్తుంటాయి: పది రోజులు, భోజనం, వసతి, గ్రాండ్‌మాస్టర్ పాఠాలు. పంపాలా వద్దా? పంపితే వచ్చేదేమిటి? చదరంగం ప్రపంచంలో ఈ ప్రశ్నకు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. మన దగ్గర మాత్రం దీని మీద చర్చ ఫీజు దగ్గర మొదలై ఫీజు దగ్గరే ఆగిపోతుంది.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఊళ్లలో వేసవి శిక్షణా శిబిరం అంటే పొద్దున రెండు గంటలు స్టేడియంలోనో బడిలోనో నడిచేది. కబడ్డీ, వాలీబాల్, యోగాతో పాటు చెస్ కూడా ఉంటుంది. ఆట కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది మంచిదే. గుర్రం ఎలా దూకుతుందో, కాస్లింగ్ ఎప్పుడు కుదరదో చెబుతారు, చివరి రోజు సర్టిఫికెట్ ఇస్తారు. జిల్లా ఆటగాడు అక్కడికి వెళితే రెండో రోజుకే సారు పక్కన నిలబడి చిన్నపిల్లలకు నేర్పుతుంటాడు. ఆవాస శిబిరం వేరు. అక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా చుట్టూ ఉన్నవాళ్లంతా వాడంతటివాళ్లు, లేదా వాడికంటే ఒక మెట్టు పైవాళ్లు. ఆ మాటకు విలువెంతో తెలియాలంటే కాస్త దూరం వెళ్లి రావాలి.

1963లో మాస్కోలో మిఖాయిల్ బోత్వినిక్ ఒక బడి పెట్టాడు. ఆ ఏడాదే ఆయన ప్రపంచ కిరీటం పెట్రోసియాన్‌కు పోగొట్టుకున్నాడు. ఆ బడి ఏడాది పొడవునా నడిచేది కాదు. సెలవుల్లో నాలుగు రోజులు, వారం, అంతే. దేశం నలుమూలల నుంచి ఏరిన కొద్దిమంది పిల్లలు రైలెక్కి వచ్చేవాళ్లు. మొదటి జట్టులో ఉరల్ పర్వతాల్లోని జ్లతఊస్త్ అనే కర్మాగారాల ఊరి నుంచి వచ్చిన పన్నెండేళ్ల పిల్లవాడు ఒకడు. పేరు అనతోలి కార్పోవ్. పదేళ్ల తర్వాత, 1973లో, బాకు నుంచి పదేళ్ల గ్యారీ కాస్పరోవ్ వచ్చాడు. 1980ల చివర్లో, అప్పటికి ఆ బడిని బోత్వినిక్‌తో కలిసి కాస్పరోవే నడుపుతున్నాడు, నల్లసముద్ర తీరంలోని త్వప్సే నుంచి వ్లదిమిర్ క్రామ్నిక్ వచ్చాడు. ముగ్గురూ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. ముగ్గురిలో ఒక్కడూ మాస్కోలో పుట్టినవాడు కాదు. నాకు ఈ కథలో ఎక్కువ ఇష్టమైన వివరం అదే.

మరి అంత తక్కువ రోజుల్లో బోత్వినిక్ ఏం నేర్పేవాడు? పాఠాలు చెప్పడం ఆయన పద్ధతి కాదు. ప్రతి పిల్లవాడూ తను ఆడిన ఆటలు తెచ్చుకోవాలి. వాటికి తనే స్వయంగా వ్యాఖ్య రాసుకొచ్చి ఉండాలి: ఇక్కడ ఏమనుకున్నాను, ఇక్కడ ఎందుకు భయపడ్డాను, ఇది ఎందుకు తప్పు. అందరి ముందూ బోర్డు మీద ఆ ఆట వేసి చూపాలి. ఆయనా, తోటి పిల్లలూ అడ్డు ప్రశ్నలు వేస్తారు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కడికి విడివిడిగా ఇంటిపని: ఒకడికి ఏనుగుల ముగింపులు, ఇంకొకడికి ఫలానా ఆటగాడి ఆటలు, మరొకడికి రోజూ వ్యాయామం. మళ్లీ సెలవులకు వచ్చినప్పుడు ముందు ఆ పని చూస్తాడు. అంటే ఆ బడి అసలు నడిచేది జ్లతఊస్త్‌లో, బాకులో, త్వప్సేలో, పిల్లలు ఇంటికి తిరిగొచ్చాక. మాస్కోలో జరిగేది తనిఖీ.

పక్కన ఇంకో మాట. మొదట్లో కార్పోవ్‌ను చూసి బోత్వినిక్ పెద్దగా ఆశ పెట్టుకోలేదు. పన్నెండేళ్లకు రేపటి ప్రపంచ ఛాంపియన్‌ను ఇంకో ప్రపంచ ఛాంపియన్ గుర్తుపట్టలేకపోయాడన్నమాట. శిబిరం చివరి రోజు కోచ్ "మీవాడిలో టాలెంట్ ఉంది" అన్నా, "కష్టమే" అన్నా, దాన్ని పెద్దలు ఎంత బరువుగా తీసుకోవాలో దీన్నిబట్టి తేల్చుకోవచ్చు.

బోత్వినిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన మార్క్ ద్వొరేత్‌స్కీ ఆ పద్ధతిని ఇంకా చెక్కాడు. 1990ల మొదట్లో అర్తూర్ యుసుపోవ్‌తో కలిసి ప్రతిభ గల కుర్రాళ్లకు విడతల వారీగా ఒక బడి నడిపాడు. ఒక్కో విడతకు ఒక్కో అంశం. ఆ పాఠాల నుంచి పుట్టిన పుస్తకాలు ఇవాళ్టికీ కోచ్‌ల బల్లల మీద ఉన్నాయి. మొదటి అంశం ఏమిటో తెలుసా? ఎవరి లోపం వాళ్లు పట్టుకోవడం. ఓపెనింగులు ఆ తర్వాత. ఇప్పటి కరపత్రాల్లో పైన పెద్దక్షరాలతో ఉండేది ఓపెనింగులే: పది రోజుల్లో సిసిలియన్, పది రోజుల్లో కింగ్స్ ఇండియన్.

అమెరికాలో గ్రెగ్ షహాదీ 2006లో మొదలుపెట్టిన యు.ఎస్. చెస్ స్కూల్ కూడా ఇదే దారి: కొద్దిమంది, దాదాపు ఒకే స్థాయివాళ్లు, కొద్ది రోజులు, బలమైన శిక్షకుడు. అక్కడి విశ్వవిద్యాలయాల ఆవరణల్లో వేసవిలో జరిగే పెద్ద శిబిరాల సంగతి వేరు. అందులో ఈత, ఫుట్‌బాల్, ఐస్‌క్రీమ్ కూడా ఉంటాయి. తప్పేం లేదు కానీ, ఏది ఏదో తెలిసి కట్టాలి డబ్బు.

ఇక మనవాళ్ల దగ్గరికి వద్దాం. 2019 ఆగస్టులో ఫ్రాన్స్‌లో జెనీవా సరస్సు ఒడ్డున షాన్స్ స్యూర్ లెమాన్ అనే పల్లెలో కొద్దిమంది భారతీయ కుర్రాళ్లకు ఒక ఆవాస శిబిరం జరిగింది. నేర్పింది ఆ ఏడాదే ఆట నుంచి తప్పుకున్న క్రామ్నిక్. అక్కడున్నవాళ్లలో ప్రజ్ఞానంద, గుకేశ్‌తో పాటు వరంగల్ కుర్రాడు ఎరిగైసి అర్జున్ ఒకడు. బోత్వినిక్ నుంచి క్రామ్నిక్‌కు, క్రామ్నిక్ నుంచి హనుమకొండకు, ఇలా ఒక తీగ పాకిందని చెప్పుకోవడం బాగుంటుంది. కానీ అర్జున్‌ను ఆ శిబిరమే తయారుచేసిందంటే అబద్ధం. అప్పటికే, 2018లో, పద్నాలుగేళ్ల పదకొండు నెలల వయసులో, అతను గ్రాండ్‌మాస్టర్ అయిపోయాడు. తొలి పాఠాలు హనుమకొండలో బొల్లం సంపత్ దగ్గర, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఎన్.వి.ఎస్. రామరాజు దగ్గర. 2024 డిసెంబర్ అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) జాబితాలో 2801 రేటింగ్‌తో, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 గీత దాటిన రెండో భారతీయుడయ్యాడు. ఆ వరంగల్ నుంచే రాజా రిత్విక్ 2021లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. రామరాజు చేతికింద ఎదిగిన ద్రోణవల్లి హారిక అంతకు పదేళ్ల ముందే, 2011లో, ఆ హోదా అందుకుంది.

హనుమకొండను నేను ఇక్కడ ఊరికే తేలేదు. ఒక జిల్లా కేంద్రంలో సంపత్ లాంటి ఒక కోచ్ నిలకడగా కూర్చుంటే, ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు గట్టి పిల్లలు ఒకరినొకరు రోజూ ఓడించుకుంటూ ఉంటే, అక్కడ ఏడాదంతా శిబిరమే. అలాంటి గది లేని ఊళ్లకే పది రోజుల శిబిరం అవసరం. బాన్సువాడలో ఒక పిల్లవాడికి అసలు లోటు పాఠాలు కాదు. పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి, లిచెస్ వెబ్‌సైటులో పైసా కట్టకుండా ఉన్నాయి. లోటు ఎదుటివాడు. తనంతటివాడు, ఎదురుగా కూర్చుని, రెండు గంటలు కదలకుండా ఆడి, అయ్యాక "నువ్వక్కడ బంటు జరపాల్సింది, నేను భయపడ్డా" అని చెప్పేవాడు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే ఉదాహరణ కూడా మన ఇంట్లోనే ఉంది. కోనేరు హంపికి శిబిరం ఇల్లే. తండ్రి అశోక్ ఉద్యోగం మానుకుని కూతురికి కోచ్ అయ్యాడు. 1997లో పదేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిల్, 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం. కాబట్టి శిబిరం లేకపోతే ఆట రాదని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆ దారికి కావలసింది కూడా చూడండి: ఆట బాగా తెలిసిన తండ్రి, కొలువు వదులుకునే తెగువ. వడ్ల తూకం కోసం రాత్రంతా సంచుల మీద పడుకునే తండ్రిని ఆ తండ్రితో పోల్చడం న్యాయం కాదు.

పరిశోధకులు ఈ విషయంలో ఏమంటున్నారు? వాళ్లు కూడా ఒకే మాట మీద లేరు, అదే ఆసక్తికరం. నీల్ చార్నెస్ బృందం 2005లో అచ్చువేసిన అధ్యయనంలో ఆటగాడి బలాన్ని అన్నిటికంటే బాగా చెప్పగలిగింది ఒంటరి చదువు: పుస్తకం, బోర్డు, తను, అంతే. రెండేళ్లకు ఫెర్నాండ్ గోబే, గిల్యెర్మో కాంపితెల్లి అర్జెంటీనాలో 104 మంది ఆటగాళ్లను పరిశీలించారు. అక్కడ ఒంటరి సాధన కంటే నలుగురితో కలిసి చేసిన సాధనకే రేటింగ్‌తో ఎక్కువ సంబంధం కనబడింది. మాస్టర్ స్థాయి చేరడానికి పట్టిన సాధన సగటున 11 వేల గంటలు. అందరికంటే తొందరగా చేరినవాడికి 3 వేల పైచిలుకు సరిపోయాయి. అందరికంటే ఆలస్యమైనవాడికి 23 వేలు దాటాయి. ఒక్కొక్కరి మధ్య ఎనిమిది రెట్ల దాకా తేడా.

ఈ అంకెను శిబిరం పక్కన పెట్టి చూద్దాం. రోజుకు ఎనిమిది గంటలు, పది రోజులు: ఎనభై గంటలు. పదకొండు వేలలో ఎనభై అంటే నూటికి ఒక పాలు కూడా కాదు. గంటల లెక్కన చూస్తే శిబిరం దండగ. కానీ మిగిలిన వేల గంటలు ఎలా గడపాలో ఆ ఎనభై గంటల్లో పట్టుబడితే, అప్పుడు లెక్క మారుతుంది. చార్నెస్, గోబే మధ్య ఉన్న తగవు కూడా అక్కడ కాస్త చల్లబడుతుందని నాకనిపిస్తుంది: నలుగురిలో కూర్చుని నేర్చుకోవలసింది ఒంటరిగా ఎలా చదవాలో.

ఆ నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూపిస్తాను. మీ ఇంట్లో బోర్డు ఉంటే తెచ్చుకోండి. తెల్లరాజు హెచ్8 మీద, తెల్లబంటు సి6 మీద. నల్లరాజు ఏ6 మీద, నల్లబంటు హెచ్5 మీద. ఇంకేమీ లేవు. ఎత్తు తెల్లది, ఆట డ్రా చేయాలి. 1921లో రిచర్డ్ రేతి కట్టిన ముడి ఇది. జిల్లా ఆటగాడికి చూపిస్తే అర నిమిషంలో "ఓడిపోయింది సార్" అంటాడు. నిజమే మరి. నల్లబంటును పట్టుకోవాలంటే తెల్లరాజు రెండు గళ్లు వెనకబడి ఉన్నాడు. తన బంటును కాపాడుకోవాలంటే అంతకంటే దూరంలో ఉన్నాడు. నల్లరాజేమో పక్కనే కాచుకుని ఉన్నాడు.

జవాబు: రాజును జి7కు నడపడం. నల్లబంటు హెచ్4కు దిగుతుంది. రాజు ఎఫ్6కు. ఇప్పుడు నల్లబంటు ఇంకో అడుగు వేస్తే తెల్లరాజు ఈ7కు వెళ్లి తన బంటుకు తోడవుతాడు, ఇద్దరికీ ఒకేసారి మంత్రులు పుడతారు. అలా కాక నల్లరాజు బి6కు వచ్చి తెల్లబంటును బెదిరిస్తే, తెల్లరాజు ఈ5కు వస్తాడు. బంటును చంపావా, ఎఫ్4కు వెళ్లి నీ బంటును పట్టుకుంటాను. నీ బంటును తోశావా, డి6కు వెళ్లి నా బంటును నిలబెట్టుకుంటాను. ఏటవాలుగా నడిచిన రాజు రెండు పనుల కోసం ఒకే దారి నడిచాడు. రెండింటిలో ఏదో ఒకటి జరిగి తీరుతుంది.

ఇంట్లో ఒంటరిగా ఉన్న పిల్లవాడు ఈ ముడిని ఫోన్‌లో పెట్టుకుంటే చెస్ ఇంజిన్ ఒక్క క్షణంలో సున్నా, అంటే డ్రా, అని చూపిస్తుంది. జి7 అని బాణం గుర్తు వేస్తుంది. వాడు "ఓహో" అని తర్వాతి పజిల్‌కు పోతాడు. శిబిరంలో మంచి కోచ్ ఫోన్లు ముందే తీసేసుకుంటాడు. బోర్డు మీద నాలుగు కాయలు పెట్టి బయటికి వెళ్లిపోతాడు. ఇద్దరిద్దరు పిల్లలు కూర్చుంటారు. ఒకడు తెల్ల, ఒకడు నల్ల. ముందు ఇరవై నిమిషాలు ఇద్దరూ నల్లదే గెలుపని తేల్చేస్తారు. మధ్యలో ఎవడో పక్క బల్ల నుంచి "ఎఫ్6 పెట్టి చూడురా" అంటాడు. మళ్లీ కొట్లాట. గంట తర్వాత కోచ్ వచ్చేసరికి దారి దొరికి ఉండొచ్చు, దొరక్కపోయి ఉండొచ్చు. దొరకని గంట కూడా వాడికి మిగులుతుంది. మరుసటి నెల టోర్నీలో రాజును తిన్నగా కాక ఏటవాలుగా నడపాలనే ఊహ ఎక్కడి నుంచో వస్తే, అది ఆ గంట నుంచి వచ్చిందే.

శిబిరంలో పట్టుబడే రెండో పని స్కోర్‌షీట్. ఎత్తు వేసిన ప్రతిసారీ రాసుకోవాలన్నది నియమం కాబట్టి పిల్లలు రాస్తారు, ఆట అయ్యాక పారేస్తారు. మంచి శిబిరంలో ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన నిమిషాలు కూడా రాయిస్తారు. సాయంత్రం ఆ కాగితం చూస్తే పిల్లవాడి జాతకం కనబడుతుంది. మొదటి పన్నెండు ఎత్తులకు మూడు నిమిషాలు: బట్టీ పట్టిన ఓపెనింగ్. పదమూడో ఎత్తుకు పద్దెనిమిది నిమిషాలు: బట్టీ అయిపోయింది, భయం పట్టుకుంది. ఇరవై రెండో ఎత్తుకు ఐదు సెకన్లు: ఎదుటివాడు గుర్రాన్ని చంపితే ఆలోచించకుండా తిరిగి చంపాడు, ఆట అక్కడ పోయింది. ఇవేవీ వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, కాగితం చెబుతుంది. ఓడిన ఆటల కాగితాలు ఒక నోటుబుక్కులో అంటించి, పక్కన వాడి చేతి రాతతో రెండు వాక్యాలు రాయించే కోచ్ దొరికితే, మిగతా కరపత్రంలో ఏమున్నా లేకపోయినా పిల్లవాడిని పంపేయొచ్చు.

పెద్దలు అడిగే ప్రశ్న మాత్రం వేరే ఉంటుంది. మన వైపు కోచ్‌లకు మే నెలలో వచ్చే ఫోన్లు ఇంచుమించు ఇలా నడుస్తాయి:

"సార్, మావోడు జిల్లాల ఫస్ట్ వచ్చిండు. పదిరోజులు మీ కాడ ఉంచితే రేటింగ్ ఎంత పెరుగుతది?"

"పదిరోజుల్ల ఏం పెరగదన్నా. నేనిచ్చిన పని దసరా దాంక చెయ్యమను, అప్పుడడుగు."

"గట్లనా... వేరేటోళ్లు వంద పాయింట్లు గ్యారంటీ అంటున్రు మరి."

ఆ వంద పాయింట్ల గ్యారంటీ సంగతి తేల్చాలి. పద్దెనిమిదేళ్లలోపు, 2300 కంటే తక్కువ రేటింగ్ ఉన్న ఆటగాళ్లకు ఫిడే లెక్కలో గుణకం 40. అంటే తనతో సమానమైనవాడి మీద గెలిస్తే 20 పాయింట్లు వస్తాయి, ఓడితే 20 పోతాయి. పెద్దల్లో చాలామందికి ఇందులో సగం. అందుకే పిల్లల రేటింగ్ ఎండాకాలం ఉష్ణోగ్రతలా ఎగిరి పడుతుంటుంది. ఒక టోర్నీ కలిసొస్తే వంద పెరుగుతుంది, ఇంకోటి తేడా కొడితే వంద పోతుంది. శిబిరానికి వెళ్లిన నెలలో పెరిగితే శిబిరం గొప్పతనం, తగ్గితే పిల్లవాడి ఏకాగ్రతా లోపం: ఇలా రాసుకుంటూ పోతే ఎవరికీ నష్టం లేదు, మీకు తప్ప.

ఇంకో మెలిక కూడా ఉంది. 2024 మార్చి 1న ఫిడే 2000 కంటే తక్కువ రేటింగులన్నీ ఒక్కసారిగా పైకి జరిపింది. 2000కు ఎంత తక్కువ ఉంటే ఆ తేడాలో నూటికి నలభై వంతు కలిపింది. వెయ్యి ఉన్నవాడు రాత్రికి రాత్రి 1400, 1200 ఉన్నవాడు 1520. కనీస రేటింగ్ కూడా వెయ్యి నుంచి 1400కు పెరిగింది. కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న రేటింగులు పక్కపక్కన పెట్టి "మా శిబిరంలో చేరాక నాలుగు వందలు పెరిగింది" అని ఎవరైనా చూపిస్తే, ఆ నాలుగు వందల్లో ఫిడే దయ ఎంతో ముందు తీసేసి చూడాలి. శిబిరాన్ని కొలవాలంటే ఆర్నెల్ల తర్వాత పిల్లవాడి నోటుబుక్కు తెరిచి చూడడమే నాకు తెలిసిన దారి.

చెస్ ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్న ప్రచారం గురించి ఎక్కువ చెప్పను. ఇంగ్లండ్‌లో వంద బడుల్లో బడి వేళల్లోనే చెస్ నేర్పి, ఏడాది తర్వాత లెక్కల పరీక్ష పెట్టి చూశారు. 2016లో వచ్చిన ఆ నివేదికలో తేడా ఏమీ కనబడలేదు. పిల్లవాడు చెస్ ఆడాలంటే చెస్ ఇష్టం కావడమే చాలు.

ఇక వెళ్లలేనివాళ్ల మాట. బాన్సువాడకు రైలు లేదు. హైదరాబాద్‌కు బస్సులో దాదాపు నాలుగు గంటలు. రోజూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే శిక్షణ అక్కడి పిల్లలకే తప్ప ఇక్కడివాళ్లకు కుదరదు. ఆవాస శిబిరం అన్నది నగరం పిల్లవాడికి ఒక సరదా కావచ్చు, మనవాళ్లకు అదొక్కటే దారి. కానీ ఫీజు, టోర్నీల ఖర్చు, తోడు వెళ్లే మనిషి కూలి, అన్నీ కలిస్తే ఒక చిన్నరైతు యాసంగి లాభంలో కనబడేంత తరుగు. ఆడపిల్లల విషయంలో ఇంకో గడప అడ్డం. హంపి, హారిక పేర్లు అందరికీ తెలుసు, మెచ్చుకుంటారు, కానీ పన్నెండేళ్ల కూతుర్ని పది రోజులు తెలియని చోట ఉంచాలంటే ఇంట్లో మూడు రాత్రులు చర్చ జరుగుతుంది. ఆ చర్చను తప్పుపట్టలేం. రాత్రి పూట వార్డెన్ ఎవరు, గదులు ఎవరికి ఎక్కడ, ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు అని అడిగినప్పుడు నీళ్లు నమిలే నిర్వాహకుడి దగ్గర గ్రాండ్‌మాస్టరున్నా పంపొద్దు. ఆ తర్వాత అడగవలసింది శిక్షకుడి అర్హత. ఫిడే శిక్షకులకు మెట్టు మెట్టుగా హోదాలు ఇస్తుంది, ఎవరికి ఏ హోదా ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. గ్రాండ్‌మాస్టర్ అన్నది ఆడేవాడి హోదా, నేర్పేవాడి హోదా వేరే ఉందని చాలామందికి తెలియదు. ఆ తర్వాతి ప్రశ్న ఒక గదిలో ఎంతమంది అని. నలభై అంటే అది సభ.

ఇంకొక్కటి అడగండి: పిల్లలను వయసు ప్రకారం విడదీస్తారా, ఆట ప్రకారమా? పదిహేనేళ్ల కుర్రాడు పదేళ్ల పిల్లదాని పక్కన కూర్చోవడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గు రెండో రోజుకు పోతుంది, మూడో రోజుకు ఆ పిల్ల దగ్గరే సందేహాలు అడుగుతాడు. చదరంగంలో ఆ మర్యాద మొదటి నుంచీ ఉంది.

ఆవాస శిక్షణ మన జిల్లాలకు కొత్తేమీ కాదు. మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి బండల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్ శిబిరాల్లో రాటుదేలి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆ తాడ్వాయి ఇప్పుడు మన కామారెడ్డి జిల్లాలోనే ఉంది. నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు తండ్రి దగ్గర మొదటి పంచులు, 2009లో విశాఖలోని క్రీడా ప్రాధికార సంస్థ శిబిరంలో అసలు మలుపు, 2022లో ప్రపంచ టైటిల్. కొండకూ, బాక్సింగ్‌కూ కుదిరింది చదరంగానికి ఎందుకు కుదరదు? దీనికి మంచుకొండ అక్కర్లేదు, రింగు అక్కర్లేదు. బల్లలు, ఫ్యాన్లు, నాలుగు పూటల తిండి, రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పే మనిషి చాలు.

తిండి అన్నాను కాబట్టి ఒక చిన్న సంగతి. మే నెలలో మధ్యాహ్నం పిల్లలకు కడుపునిండా బిర్యానీ పెట్టి రెండింటికి బోర్డు ముందు కూర్చోబెట్టే శిబిరాలున్నాయి. మూడింటికి సగంమంది గళ్ల మీద తల వాల్చేస్తారు. పెరుగన్నం, మామిడిపండు, గంటసేపు నిద్ర, ఆ తర్వాత నాలుగింటికి ఆట పెట్టేవాడు పిల్లలను ఎరిగిన మనిషి.

నేనైతే ఈ పనికి నగరం వైపు చూడను. బాన్సువాడ చుట్టుపక్కల గురుకులాలు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడి తెరిచేదాకా చాలావరకు ఖాళీగా ఉంటాయి. వంటశాల ఉంది, మంచాలు ఉన్నాయి, కాంపౌండ్ గోడ ఉంది, ఆడపిల్లల గురుకులాల్లో వార్డెన్లూ ఉన్నారు. కామారెడ్డి, నిజామాబాద్, మెదక్ జిల్లాల పోటీల్లో పైన నిలిచిన పదహారు మందిని ఏరితే చాలు, ఎనిమిది బల్లలు. నగరం నుంచి ఒక కోచ్ బస్సెక్కి వస్తాడు, పదహారు మంది అక్కడికి వెళ్లే బదులు. పొద్దున రెండు గంటలు ముగింపులు, సాయంత్రం గంటన్నర గడియారం మీద, ఎత్తుకు ముప్పై సెకన్లు కలుపుకుంటూ, నిజమైన ఆట. రాత్రి ఓడినవాడు తన ఆట అందరికీ వేసి చూపాలి. చివరి రోజు సర్టిఫికెట్‌తో పాటు ఒక కవరు: దసరా సెలవులకు మళ్లీ కలిసేటప్పుడు తేవలసిన పని.

ఆ కవరుతో పిల్లవాడు బాన్సువాడ బస్టాండులో దిగుతాడు. వడ్లు తూకమై ఉంటాయి, తండ్రి బైకు మీద వచ్చి ఉంటాడు. "గెల్చినవా?" అని అడుగుతాడు. "పది ఆడితే ఏడు ఓడిన బాపూ" అంటూ వాడు వెనక ఎక్కి, ఆ ఏడింటి కాగితాలున్న సంచిని ఇద్దరి మధ్య పెట్టుకుంటాడు.